ముద్ర లేని కీర్తన

క్షేత్రయ్య పదం ఎవరు పాడినా మువ్వగోపాలుడి పేరు వినబడుతుంది. త్యాగయ్యగారి కీర్తన చరణంలో ఆయన పేరు ఉండనే ఉంటుంది. గొంతు మనది, కూర్పు ఆయనది అని ఒప్పుకునే మర్యాద అది. 1919లో సంగీత కళాశాల వెలసిన మా విజయనగరంలో ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ముద్ర మింగేసి పాడితే, అరుగు మీద కూర్చుని వినేవాడైనా నొసలు చిట్లిస్తాడు.

చిక్కల్లా చేతిపనితోనే వచ్చింది. పూసల తోరణానికి ముద్ర ఎక్కడ వేస్తారు చెప్పండి?

నాకు పిన్ని వరస అయ్యే ఒకావిడ ఉంది. బాబాయి పోయాక ఇంటి అద్దెలో సగం ఆవిడ చేతి అల్లికే తెస్తోంది. జంట నెమళ్ళ గుమ్మం తోరణం ఒకటి తానే ఊహించి, రెండు నెలలు కూర్చుని చేసింది. ముచ్చటపడి ఫోటో తీసి బంధువులకు ఫోనులో పంపింది. అది చేతులు మారి మారి ఒక దుకాణానికి చేరింది. వాళ్ళు ఆ బొమ్మే చూపించి బేరాలు పట్టారు. అదైనా భరించేదేమో! తోరణం కొనవచ్చిన ఒక ఇల్లాలు, "మీరూ ఆ దుకాణంవాళ్ళది చూసే నేర్చుకున్నారా?" అని అడిగిందట.

"కన్నతల్లిని పట్టుకుని పెంచినదానివా అన్నట్టుందిరా," అని నవ్వింది పిన్ని. ఆ నవ్వు చూడలేకపోయాను.

చట్టం లేకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సొంతంగా కల్పించిన కళాకృతి మీద హక్కు, కల్పించినప్పుడే పుడుతుంది, రిజిస్ట్రీ అక్కరలేదు. కర్త జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ నిలుస్తుంది. సరుకుగా తయారుచేసే నమూనాలను రిజిస్టరు చేసుకోవడానికి 2000 నాటి డిజైన్ల చట్టం వేరే ఉంది. మా బొబ్బిలి వీణకు 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం అండ ఉంది. అయితే అది ఊరి పేరుకు కాపలా. ఒక్క మనిషి ఊహకు కాదు. మరి నాలుగు తోరణాల కోసం పిన్ని కోర్టు మెట్లెక్కుతుందా?

అలాగని చూసి నేర్చుకోవడం తప్పనడం లేదు. కుట్టు ఎవరి సొత్తూ కాదు. ఆటవెలది అందరిదీ, అందులో అల్లిన పద్యం మాత్రం అల్లినవాడిది. కనుక ఇతరుల పని నలుగురికీ పంపేముందు ఒకమాట అడుగుదాం. పేరూ ఊరూ రాద్దాం. ఫోటో అంచున పేరుంటే కత్తిరించకుండా ఉందాం. చూసి చేస్తే, "ఫలానావారిది చూసి చేశాను" అందాం. అమ్మదలిస్తే మాత్రం అనుమతి లేకుండా అడుగు వేయవద్దు.

ఇదేమంత కష్టం? వంకాయకూర బాగుంటే వండినదెవరో అడగందే విస్తరి ముందునుంచి లేవని వాళ్ళం గదా మనం!