తిత్లీ తరవాత ఓ రంపం మిషను

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస తోటలు పడిపోయి ఉన్నాయి. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో సహా లేచిపోయాయి, కొన్ని నడుం దగ్గర విరిగాయి. నాది మెకానిక్ పని. బళ్ళు, ఆయిలింజన్లు, మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు బాగుచేస్తాను. నా షెడ్డు రేకులు కూడా ఎగిరిపోయాయి, అది పెద్ద విషయం కాదు. నేను చెప్పదలుచుకున్నది నా స్నేహితుడు కొన్న రంపం మిషను సంగతి.

వాడిది కవిటి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. వాళ్ళ నాన్న వేసిన ఎకరంన్నర కొబ్బరితోటే ఆ ఇంటికి ఆధారం. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఒకసారి కాపుకొచ్చిందంటే వేసినవాడి తరం దాటి కొడుకు తరానికీ కాస్తుంది. ఆ తోటలో ముప్పావు వంతు ఒక్క పూటలో పోయింది. వాళ్ళ అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఆ మాట చెబితే ఇంకెవరూ వివరం అడగరు. తోట పనంతా వీడొక్కడి నెత్తి మీదే.

పడ్డ చెట్లని అంత తొందరగా ఎందుకు కోయడం, ఎండాక నెమ్మదిగా కోసుకోవచ్చు కదా అని బయటివాళ్ళు అడిగేవారు. కుళ్ళుతున్న కొబ్బరి మొద్దులో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. ఆ పురుగు లేచి, నిలబడి ఉన్న చెట్ల మొవ్వు తొలిచేస్తుంది. అది చేసిన గాయాల్లోకి ఎర్రముక్కు పురుగు దిగుతుంది. మిగిలిన పావు వంతు బతకాలంటే పడ్డవాటిని తోటలోంచి తీసెయ్యాలి. నష్టం లెక్క రాసుకునేవాళ్ళు వచ్చేదాకా చెట్టు కదపడానికి లేదు. వాళ్ళు రాసుకువెళ్ళాక ఆగడానికి లేదు. కూలికి కోసేవాళ్ళని పిలుద్దామంటే చుట్టుపక్కల మిషన్లన్నీ ముందే మాటిచ్చిన తోటల్లో ఉన్నాయి. అందుకని వాడు ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి, పట్నం వెళ్ళి, 58 సీసీ రంపం మిషను ఒకటి కొత్తది కొనుక్కొచ్చాడు.

కొన్నాక ఫోన్ చేశాడు. "ఒరే, మిషను అంటుకుంటంది గానీ, దుంగ మీద పెట్టి రేజ్ చేస్తే సచ్చిపోతందిరా. ఓసారి రారా."

వెళ్ళి చూస్తే వాడు చెప్పిందే. చోక్ పెట్టి తాడు లాగితే చక్కగా అంటుకుంటోంది. స్లోలో ఎంతసేపైనా నడుస్తోంది. పూర్తిగా రేజ్ ఇస్తే కొద్ది క్షణాలు గట్టిగా అరిచి, గొంతు పడిపోయి, ఆగిపోతోంది. కాసేపు వదిలేసి లాగితే మళ్ళీ అంటుకుంటోంది. ఇంజనుకి కావలసినంత పెట్రోలు అందట్లేదని వినగానే తెలిసిపోతుంది. ఎక్కడ ఆగుతోందన్నదే తెలియాలి.

మొదట పెట్రోలునే అనుమానించాను. తుపాను వానకి బంకుల్లో నీళ్ళు చేరి ఉండొచ్చు. ట్యాంకులోది గాజుసీసాలోకి ఒంపి కదపకుండా పెట్టాం. నీళ్ళుంటే అడుగుకి దిగి వేరుగా కనిపిస్తాయి. ఏమీ లేదు. అయినా అది పారబోసి, డబ్బా మీద రాసిన ప్రకారం లీటరుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కొలిచి కలిపి పోశాను. తేడా రాలేదు. ప్లగ్గు విప్పి చూశాను. నిప్పు బాగా వస్తోంది, కానీ ఆగిపోయిన మరుక్షణం విప్పిన ప్లగ్గు పొడిగా, తెల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైతే తడిసి నల్లబడుతుంది. ట్యాంకు మూత వదులు చేసి నడిపాను, గాలి కన్నం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు కనక. అదీ కాదు. తీగ వంచి ట్యాంకులోంచి ఫిల్టరు బయటికి లాగాను. కొత్తది, శుభ్రంగా ఉంది. గొట్టం ఊదితే గాలి ధారాళంగా పోతోంది. సైలెన్సరు జాలీలో మసి లేదు. కార్బరేటర్ మీది మరల్లో పెద్ద రేజ్ మరని కొంచెం విప్పితే మునుపటికంటే కాస్త ఎక్కువసేపు నడిచింది, తరవాత మామూలే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టూ స్ట్రోక్ ఇంజనుకి ఆయిలు వేరే దారిలో వెళ్ళదు, పెట్రోల్లో కలిసే వెళుతుంది. పెట్రోలు చాలకపోతే ఆయిలూ చాలదు. అలా ఆకలితో అరిపిస్తే పిస్టను బోరుకి పట్టేస్తుంది. అందుకే నేను "ఆగితే ఆగింది, లాక్కుంటూ పని కానిద్దాం" అన్న మాటకి ఒప్పుకోలేదు. వాడు మాత్రం ఆగే స్థితిలో లేడు. ప్రతి పూటా తోటలోకి వెళ్ళి పడ్డ చెట్ల మొదళ్ళు తట్టి చూసుకునేవాడు.

ఆ మర్నాడు గట్టుకి అడ్డంగా పడిన ఓ చెట్టు కోయాల్సి వచ్చింది. దాని వేళ్ళు సగం నేలలోంచి లేచి, మట్టి పెళ్ళతో సహా నిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి కింద మనిషి పట్టేంత గొయ్యి. అలాంటి చెట్టుని కోసేటప్పుడు కాండం బరువు తెగగానే ఆ మొదలు తిరిగి గోతిలోకి పడిపోతుంది. అందుకే ఎవరినీ అటువైపు ఉండనివ్వకూడదు. వాళ్ళ అన్నయ్య కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, దూరంగానే నిలబడి ఉన్నాడు. మూడింట రెండు వంతులు తెగింది. మిషను ఆగిపోయింది. కాండం కొద్దిగా కుంగి బార్‌ని నొక్కేసింది. మిషను చప్పుడు లేదు కదా, పని ఆగింది కదా అనుకుని ఆ పిల్లాడు బార్ తీయడానికి చీలిక పట్టుకుని దగ్గరి దారిన గోతిలోంచి వస్తున్నాడు. నాకు పీచు తెగుతున్న చప్పుడు వినపడింది. గట్టు మీంచి వాడి చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాను. మేమిద్దరం పడ్డాం. మా వెనక మొదలు, మట్టి పెళ్ళ, వేళ్ళు, అన్నీ ఒక్కసారిగా గోతిలోకి పడి నిలబడ్డాయి. నేల అదిరింది. చీలిక ఆ మట్టి కిందే ఉండిపోయింది.

ఆ కుర్రాడి తల్లి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పిల్లాడి ఒళ్ళంతా తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, "ఆ మిషను మాకొద్దు బాబూ, తీసికెళ్ళిపొండి" అంది. ఆమె గొంతు ఇప్పటికీ నాకు గుర్తుంది. నా స్నేహితుడు మొద్దు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం ఇద్దరం మిషనుతో దుకాణానికి వెళ్ళాం. దుకాణం అతను మా మాట పూర్తిగా వినలేదు. "ఒకసారి పెట్రోలు పోశాక మేం వెనక్కి తీసుకోమండీ. కొత్త మిషనుకి ఏమవుద్ది? మీకు ట్యూనింగ్ చేతకాలేదు" అన్నాడు. కంపెనీ మనిషి దీపావళి వెళ్ళాక వస్తాడట, అప్పుడు చూపించుకోమన్నాడు. కొనేటప్పుడు ఒకసారి స్టార్ట్ చేసి చూపించారా అని నా స్నేహితుణ్ణి అడిగాను. అట్టపెట్టె అక్కడ విప్పనే లేదన్నాడు. వెనకాల గోడవార అలాంటి పెట్టెలే పేర్చి ఉన్నాయి. మాలాగే తోటలు పోయినవాళ్ళు మరికొందరు డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి మా ఊళ్ళో కరెంటు ఇంకా రాలేదు. చార్జింగ్ లైటు పక్కన పెట్టుకుని, నా బల్ల మీద కార్బరేటర్ విప్పాను.

బండి కార్బరేటర్లో చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఫ్లోటు తేలుతూ పెట్రోలు మట్టం చూసుకుంటుంది. బండి నిటారుగా నడుస్తుంది కనక అది సరిపోతుంది. రంపాన్ని పక్కకి వాలుస్తాం, తలకిందులు చేస్తాం. అందుకే దీంట్లో గిన్నె ఉండదు, పల్చటి డయాఫ్రమ్ పొరలుంటాయి. పిస్టను ఆడేటప్పుడు దాని కింద క్రాంకు గదిలో గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపు ఓ సన్నటి కన్నం గుండా కార్బరేటర్ దాకా వచ్చి ఒక పొరని ఆడిస్తుంది. ఆ పొర ఆడితేనే ట్యాంకులోంచి పెట్రోలు పైకొస్తుంది. స్లోలో ఇంజను తాగేది కొంచెమే, ఊపు బలహీనంగా ఉన్నా నెట్టుకొస్తుంది. రేజ్ ఇచ్చినప్పుడు లోపల నిలవున్నది అయిపోతుంది, వెనక నుంచి వచ్చేది చాలదు.

మూతలు విప్పి పొరలు చూశాను. మెత్తగా, చిరుగు లేకుండా ఉన్నాయి. సూది, దాని మీద ఊగే చిన్న మీట, జాలీ, అన్నీ బాగున్నాయి. ఇక మిగిలింది కార్బరేటర్‌కీ దాని వెనక నల్లటి ప్లాస్టిక్ దిమ్మకీ మధ్య ఉండే కాగితం ప్యాకింగ్. అంటుకుపోయి ఉంది. బ్లేడుతో మెల్లగా లేపి లైటు దగ్గర పెట్టాను. ప్యాకింగ్‌కి మధ్యలో పెద్ద కన్నం, ఒక మూలకి చిన్న కన్నం. ఆ చిన్న కన్నమే ఊపు వచ్చే దారి. కాగితం మీద, కన్నం పక్కనే, దిమ్మలోని రంధ్రం నొక్కుకుని పడిన గుండ్రటి అచ్చు ఉంది, పెట్రోలు తడికి అంచు నల్లబడింది. అచ్చు ఒకచోట, కన్నం ఇంకోచోట. రెండూ ఒకదాని మీద ఒకటి పడిన చోట నెలవంకంత సందు మాత్రమే మిగిలింది. ప్యాకింగ్‌ని తిరగేసి బిగించారు. తయారుచేసిన చోటనే, ఎవరో తొందరలో.

నాకు ముందు ఊపిరి తేలికైంది, వెంటనే కోపం వచ్చింది. ఆ కాగితం ముక్కని సరైన వైపుకి తిప్పి బిగించడానికి ఎంతసేపు పడుతుంది? పెట్టెలోంచి తీసి ఒకసారి అంటించి, ఓ మొద్దు మీద పెట్టి చూసి ఉంటే అది అక్కడే బయటపడేది. సర్వం పోగొట్టుకున్న మనిషి చేతికి, తాకట్టు డబ్బుకి, ఎవరూ నడిపి చూడని కత్తిని ఇచ్చి పంపారు. గోతిలోనే ఆ పిల్లాడు ఉండిపోయి ఉంటే ఎవరిని అడగాలి?

పాతది లేపేటప్పుడే అంచు చిరిగింది. షెడ్డులో తడవకుండా మిగిలిన ప్యాకింగ్ షీటు ముక్క తీసి దిమ్మ మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట, కన్నాల చుట్టూ చిన్నగా తట్టాను. అంచు కోసినట్టు తెగి వస్తుంది. ఊపు కన్నం పూర్తిగా తెరుచుకుందో లేదో సన్నటి తీగ దూర్చి చూసుకుని బిగించాను. పెద్ద రేజ్ మరని మళ్ళీ మొదటి చోటికి తెచ్చాను.

పొద్దున్నే వాళ్ళ తోటకి వెళ్ళాను. ముందు చైను చూశాను, స్లోలో అది తిరగకూడదు. బార్ కొసని పాత పేపరు మీదకి చూపి రేజ్ ఇస్తే సన్నటి ఆయిలు గీత పడింది, అంటే చైనుకి ఆయిలు అందుతోంది. కోసి పక్కన పడేసిన మొద్దు మీద పెట్టి పూర్తిగా నొక్కాను. తగ్గలేదు. ఒక కోత, ఇంకో కోత, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపాను. నడిచింది. ప్లగ్గు విప్పితే లేత గోధుమ రంగు. నా స్నేహితుడు మిషను నా చేతిలోంచి తీసుకుని, "ఇంక నువ్వు కూకోరా" అన్నాడు.

కొబ్బరి కోయడం జీడి కోసినంత సులువు కాదు. పైన చుట్టూ గట్టి, లోపల పీచు. ఆ పీచు చైను తిరిగే పన్నుచక్రం దగ్గర చుట్టుకుంటుంది. పడ్డ చెట్టుకి ఇసుక కూడా అంటి ఉంటుంది, పళ్ళు తొందరగా మొండిబారతాయి. ట్యాంకు నింపినప్పుడల్లా మూత తీసి పీచు లాగెయ్యడం, ఆకురాయితో పన్ను పన్నుకీ పదును పెట్టడం వాడికి నేర్పాను. కుర్రాణ్ణి మాత్రం మిషను దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళ అమ్మ కోరిందీ అదొక్కటే.

చిరిగిన పాత ప్యాకింగ్‌ని కవరులో పెట్టి ఆ దుకాణానికి తీసుకెళ్ళాను. కన్నం ఎక్కడుందో, అచ్చు ఎక్కడ పడిందో చూపించాను. అమ్మే ముందు ఒక్కొక్కటీ నడిపి ఇవ్వమన్నాను, కావాలంటే నేనొచ్చి ఊరికే చూసిపెడతానన్నాను. తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. చూద్దామన్నాడు. పిలుపు రాలేదు.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, అక్కడ కొన్నవాళ్ళు కొందరు వాళ్ళ మిషన్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అన్నీ విప్పాను. కొన్నిటికి ప్యాకింగ్ సరిగ్గానే ఉంది, కొన్నిటికి వీడిదానిలాగే తిరగబడి ఉంది. వాటికి నేను డబ్బు తీసుకోలేదు. నా దాకా రానివాళ్ళ సంగతే నన్ను పీడిస్తోంది. మిషను మంచిది కాదని ఏ కొట్టంలోనో పడేసి గొడ్డలి పట్టుకున్నవాళ్ళు ఎందరున్నారో. అలాంటిది ఎవరింట్లోనైనా ఇంకా ఉంటే, స్లోలో బాగా నడిచి రేజ్ ఇస్తే ఆగిపోతూ, ఆగాక ప్లగ్గు పొడిగా ఉంటే, ఫిల్టరూ గొట్టమూ బాగుంటే, పాత ఇనుముకి అమ్మెయ్యకండి. తెలిసిన మెకానిక్ చేత కార్బరేటర్ విప్పించి, వెనకాల ఆ కాగితం ప్యాకింగ్ ఏ వైపుకి ఉందో చూపించుకోండి.