బోదె చాలదు

ఇంటర్నెట్ మోసే సింగిల్‌మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ సుమారు 9 మైక్రాన్లు. కిడ్నీ రాళ్లు పగలగొట్టే హోల్మియం లేజర్ ఫైబర్‌లో 200 లేదా 365 మైక్రాన్లు ఉంటుంది. నాకది రెండు మార్కుల ప్రశ్న, అంతే. విజయవాడ ఆసుపత్రిలో నాన్న, "లోపల మంట పెడతారంటగా, సంతకం పెట్టను" అని భీష్మించుకునేదాకా!

"బందరు కాలువ నీళ్లన్నీ మన బోదెలోకి వదిలితే ఏమవుద్ది నాన్నా?"

"గట్టు తెగుద్ది."

"సన్న కోర్‌లో ఎక్కువ పవర్ పంపినా అంతే, గాజు మొహమే కాలిపోద్ది. వెడల్పు 40 రెట్లయితే విస్తీర్ణం 1600 రెట్లు. అదే పవర్ పరుచుకుని పారుద్ది. బయటికొచ్చిన వెలుగుని చుట్టూ ఉన్న నీళ్లు అర మిల్లీమీటరులోనే చాలావరకు తాగేస్తాయి."

"మరి ఇంకా లావుది పెట్టొచ్చుగా?"

"లావైతే వంగదు. కిడ్నీ మూలల్లోకి తిరగాలిగా."

నాన్న కాసేపు ఆలోచించి పెన్ను అడిగాడు.

మన సిలబస్‌లో ఇంటిదాకా చేరని పాఠాలు ఇంకెన్ని ఉన్నాయో!