పదివేల బాట్ల లెక్క

"నువ్వు బాంకాక్ వెళ్ళొచ్చావు కదా, మొదటిసారి వెళ్ళేవాడు డబ్బు ఎలా మిగుల్చుకోవాలో ఒక వ్యాసం రాసివ్వు, మనవాళ్ళకు పనికొస్తుంది" అన్నాడు మన సావనీరు సంపాదకుడు. అడిగిన చోటు హాస్టలు మెస్సు, అడిగిన సమయం సాంబారు వడ్డించే వేళ. సాంబారు చల్లారిపోతుందన్న తొందరలో సరేనన్నాను. తీరా కలం పట్టుకున్నాక తెలిసింది, మిగిల్చింది రాయాలంటే పోగొట్టుకున్నది కూడా రాయాలని. రాస్తున్నాను. నవ్వుకునే హక్కు పాఠక మహాశయులకు ఎలాగూ ఉంది.

2024 డిసెంబరులో అక్కడ జరిగిన ఒక విద్యార్థి సదస్సుకు నేనూ మా రూమ్మేటూ కలిసి రాసిన పేపరు ఎంపికయింది. సదస్సు రెండు రోజులు తిండీ బసా వాళ్ళదే. అంత దూరం వెళ్ళి రెండు రోజులకే తిరిగి రావడమేమిటని ముందు మరో నాలుగు రోజులు మేమే కలుపుకున్నాం. విశాఖ నుంచి బాంకాక్‌కు ఆ యేడే నేరుగా విమానం మొదలైంది. మూడు గంటలకు అటూ ఇటూ ప్రయాణం. మా పార్వతీపురం పాసింజరు ఎక్కితే ఇంతకంటే ఎక్కువే పడుతుంది.

అప్పట్లో మనవాళ్ళకు వీసా అక్కరలేదు గాని, అడిగితే చూపించడానికి మనిషికి పదివేల బాట్లు చేతిలో ఉండాలని నిబంధన. బాటు విలువ రెండున్నర రూపాయల దరిదాపుల్లో ఉంది. అంటే పాతిక వేలు. టిక్కెట్టుకు నా స్కాలర్‌షిప్పు డబ్బులు ఎలాగో సరిపోయాయి. ఈ పాతిక వేలు మాత్రం అమ్మ తన డ్వాక్రా సంఘంలో అప్పు తీసింది, నూటికి రూపాయి వడ్డీకి. "చూపించడానికే కద నాన్నా, చూపించి తెచ్చీ" అంది నవ్వుతూ. మళ్ళీ వెంటనే తనే, "తిండికి మాత్రం ఎనకాడకు. లెక్క రాయి, అంతే" అంది. సంఘం లెక్కలు రాసేది అమ్మే. పది రూపాయలు తేడా వస్తే ఆ రాత్రి ఆవిడకు నిద్ర ఉండదు. నాకొక చిన్న నోటుబుక్కు కూడా ఇచ్చింది. ఏడువేల బాట్లు వెనక్కి తేవాలని విమానంలోనే మొదటి పేజీలో రాసుకున్నాను.

అక్కడి ఇమిగ్రేషన్ అధికారి నా మొహం చూసి, ముద్ర కొట్టి, పొమ్మని చెయ్యి ఊపాడు. పదివేలు చూపించమని ఎవరూ అడగలేదు. ఎందుకో కొంచెం చిన్నతనమనిపించింది.

డాన్ ముయాంగ్ విమానాశ్రయంలో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. అప్పుడే టాక్సీ ఎక్కితే ఛార్జీతో పాటు ఒక రాత్రి పడక అద్దె కూడా పోతుంది. అందుకని కుర్చీల్లోనే నడుం వాల్చి, పొద్దెక్కాక ఏ4 బస్సు ఎక్కాం. మనిషికి 50 బాట్లు, ఖావ్‌సాన్ వీధి దాకా. ఆ చుట్టుపక్కల సందుల్లో ఫాను గదిలో, పైనొకరు కిందొకరు పడుకునే మంచాలు రోజుకు 250కి దొరికాయి. సంచులు మంచం కిందకి తోసి, నోటుబుక్కు తీసి రెండు పద్దులు రాశాను. చాలా గర్వంగా ఉంది.

ఇక్కడొక ముఖ్యమైన విషయం మనవి చేసుకోవాలి. మనదేశం కార్డుతో అక్కడి ఏటీయంలో డబ్బు తీస్తే, వందే తియ్యి, వెయ్యే తియ్యి, యంత్రం 220 బాట్లు రుసుము పట్టుకుంది. మా రూమ్మేటు అలా మూడుసార్లు తీశాడు. ఆ 660 బాట్లతో మేమిద్దరం రెండు రోజులు భోంచేసి ఉండేవాళ్ళం.

భోజనం సంగతికొస్తే, వీధి పక్క స్టీలు గిన్నెల్లో కూరలు వరసగా పెట్టుకున్న కొట్లుంటాయి. వేలితో రెండు కూరలు చూపిస్తే అన్నం మీద వేసి ఇస్తారు. 50 నుంచి 60 బాట్లు. ఇంగ్లీషు మెనూ కార్డు బయట పెట్టిన చోట అదే అన్నం రెట్టింపు. పచ్చి బొప్పాయి తురుము, పచ్చిమిరప, వెల్లుల్లి, వేరుశనగ వేసి మట్టి రోట్లో కర్ర రోకలితో దంచి ఇస్తారు, సోమ్ తమ్ అంటారు. ఆ దంచే చప్పుడు వినగానే మా పెరడు గుర్తొచ్చింది. కారం మటుకు మన గుంటూరు వాళ్ళు కూడా ఒక గుక్క నీళ్ళు తాగాల్సిందే. నీళ్ళంటే జ్ఞాపకం వచ్చింది. వీధి చివర్లలో నీళ్ళ యంత్రాలుంటాయి, బాటు బిళ్ళ వేస్తే మన సీసా నిండుతుంది. కొట్లో కొంటే అదే సీసా పది. ఫాహురత్‌లో సిక్కుల పెద్ద గురుద్వారా ఉంది. అక్కడ లంగరులో ఒక పూట తిన్నాం. కడుపు నిండా పెట్టారు. డబ్బు మిగిలిందని ఆ పద్దు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. హుండీలో 20 వేసి ఆ ఇరవై రాశాను.

తిరగడానికి ఆ ఊళ్ళో పడవను మించింది లేదు. చావ్ ఫ్రయా నది మీద నారింజ రంగు జెండా పడవ ఎక్కితే ఎంత దూరమైనా 16 బాట్లే. రేవులో మనల్ని చూడగానే నీలం జెండా టిక్కెట్టు అంటగట్టాలని చూస్తారు, అది టూరిస్టు పడవ, ఖరీదు ఎక్కువ. నది అదే, గాలి అదే. దానికంటే నాకు నచ్చింది సేన్ సేప్ కాలవ పడవ. రేవులో నిలిచీ నిలవక ముందే ఎక్కాలి. ఇరుకు కాలవ, నల్లటి నీళ్ళు, రెండు పక్కలా ఇళ్ళ వెనక వాకిళ్ళు. ఎదురుపడవ వచ్చిందంటే అంచున కూర్చున్నవాళ్ళు తాళ్ళు లాగి పక్క పరదాలు పైకెత్తాలి, లేకపోతే ఆ నీళ్ళు మొహాన పడతాయి. మొదటిసారి నాకు తెలియక తాడు పట్టుకోలేదు. వెనక కూర్చున్న పెద్దావిడ నా భుజం మీంచి చెయ్యి చాచి లాగింది, ఏదో అంది కూడా. భాష తెలియకపోయినా తిట్టని తెలిసింది. కండక్టరు పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని పడవ అంచు మీదే నడుస్తూ టిక్కెట్లిస్తారు. ఛార్జీ తక్కువే. ఇక బస్సుల్లో ఏసీ లేని పాత బస్సు అయితే 8 బాట్లు. కండక్టరమ్మ చేతిలో పొడుగాటి రేకు గొట్టం ఉంటుంది, టిక్కెట్లూ చిల్లరా అందులోనే. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంది.

ఆ నది ఒడ్డునే యూనివర్శిటీ ఒకటుంది. 'ధర్మశాస్త్ర' అని రాసి 'థమ్మసాత్' అని పలుకుతారు. 1934లో పెట్టారు. లోపలికి వెళ్ళినా ఎవరూ అడ్డగించలేదు. నది పక్క కాంటీనులో తిన్నాం. స్టూడెంట్ల కాంటీను ఏ దేశంలోనైనా చవకేనని మా రూమ్మేటు సిద్ధాంతం. 1976 అక్టోబరు 6న ఆ ఆవరణలోనే విద్యార్థుల్ని కాల్చి చంపారు. దానికొక స్మారకం ఉంది. దాని ముందు నిలబడ్డప్పుడు మాత్రం మేము చిల్లర లెక్కలు మాట్లాడుకోలేదు.

ఇంతవరకు సంపాదకుడు అడిగిన వ్యాసం. ఇక అసలు సంగతి.

మూడో రోజు పొద్దున మా రూమ్మేటు ఒంట్లో బాగులేదని పడుకున్నాడు. నేనొక్కణ్ణే రాజప్రాసాదం చూద్దామని బయల్దేరాను. లోపలే పచ్చబుద్ధుడి ఆలయం, దాని చుట్టూ గోడల మీద వాళ్ళ రామాయణం, రామకియెన్, 178 ఘట్టాలు బొమ్మలుగా ఉంది. టిక్కెట్టు 500 బాట్లు. తెల్లగోడ పక్కన నిలబడి మనసులో గుణిస్తున్నాను, ఐదొందలంటే పన్నెండువందల యాభై, అంటే అమ్మ కట్టే వాయిదాలో ఎంత అని. నేనా లెక్కలో ఉండగానే పక్కన ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, చక్కని ఇంగ్లీషు. "ఇండియానా? బుద్ధుడు పుట్టిన దేశం" అని నమస్కారం పెట్టాడు. ప్రాసాదంలో ఈ పూట పూజ, మధ్యాహ్నం రెండింటి దాకా విదేశీయులను రానివ్వరన్నాడు. ఈలోగా టుక్‌టుక్‌లో మంచి గుళ్ళన్నీ చూసి రావచ్చు, ఈ రోజు ప్రభుత్వం రాయితీ, మొత్తం 20 బాట్లేనన్నాడు.

ఇరవై! నిజం చెప్పొద్దూ, ప్రాసాదం మూసి ఉందన్న మాట కంటే ఆ ఇరవై ముందు నమ్మాను. అరగంట తిరిగితే వంద అడిగే బండి ఇరవైకి ఎలా వస్తుందని ఎకనామిక్స్ ఎం.ఏ. ఫైనలియరు విద్యార్థికి తోచలేదు.

మొదట ఒక చిన్న గుడి. ఎవరూ లేరు, ఒక్క మనిషి తప్ప. ఆయనా చక్కగా మాట్లాడాడు. తానిక్కడ రాళ్ళు కొని బయట దేశాల్లో అమ్ముతాననీ, చదువుకునే రోజుల్లో ఫీజులన్నీ అలాగే కట్టుకున్నాననీ మాటల్లో మాటగా చెప్పాడు. ఆ తర్వాత టుక్‌టుక్ ఒక నగల కొట్టు ముందు ఆగింది. చల్లటి ఏసీ, చల్లటి నీళ్ళు, బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ. వేలి గోరంత నీలం రాయి. మీ ఊళ్ళో నాలుగువేల బాట్లకు కళ్ళు మూసుకుని అమ్ముకోవచ్చన్నారు. బేరమాడాను కూడా! రెండువేల ఐదొందలు చెప్పింది పదిహేను వందలకు దింపాను. రంగురంగుల కాగితం మీద హామీపత్రం రాసిచ్చారు. బండిలో తిరిగొస్తూ, అప్పు సగం తీర్చేసినట్టే అనుకున్నాను. అమ్మ మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

ప్రాసాదం దగ్గర దిగేసరికి మూడున్నర దాటింది. టిక్కెట్లు మూడున్నర దాకానే. పొద్దున పూజేదో ఉందన్నారు కదా అని గేటు దగ్గర గార్డును అడిగాను. పొద్దున ఎనిమిదిన్నర నుంచీ తెరిచే ఉందన్నాడు. అంటూ గోడ మీద బోర్డు చూపించాడు. బయట మూసేశారని ఎవరైనా చెబితే నమ్మవద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. నేను పొద్దున నిలబడి గుణించుకున్నది సరిగ్గా దాని పక్కనే.

మర్నాడు మా రూమ్మేటు ఐదొందలిచ్చి ప్రాసాదం చూసొచ్చాడు. రమ్మన్నాడు. పదిహేను వందలు పోయాక మళ్ళీ ఐదొందలా అని నేను వెళ్ళలేదు. సంగతి వాడికి కూడా చెప్పలేదు. ఒక్కణ్ణీ 5 బాట్లిచ్చి నది దాటి, అవతలి ఒడ్డున కూర్చుని ఆ బంగారు శిఖరాలు చూశాను. అక్కడి నుంచి బాగానే కనిపిస్తాయి.

విశాఖ తిరిగొచ్చాక పాతబస్తీ కురుపాం మార్కెట్టులో ఒక కంసాలి దగ్గరికి వెళ్ళాను. అద్దం పెట్టి చూసి, "గాజు బాబూ, కోత మటుకు బాగుంది" అని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

నోటుబుక్కులో ఆ రోజు పద్దు ఖాళీగా ఉంది. పడక, తిండి, పడవలు, సిమ్ కార్డు, చెల్లికి సంచీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏడువేలకు బదులు ఐదువేల ఐదొందలు మిగిలాయి. ఊరెళ్ళే రైల్లో ఆ ఖాళీలో 'మందులు 1,500' అని రాశాను. రూమ్మేటుకు ఒంట్లో బాగులేదు కదా, పూర్తిగా అబద్ధం కాదని సమాధానం చెప్పుకున్నాను.

సంక్రాంతికి ముందు వారం. అమ్మ మిగిలిన డబ్బు లెక్కపెట్టి, కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్కు మొత్తం చదివింది. ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకున్నాను. రాత్రి నీళ్ళకని లేస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. పీట మీద కూర్చుని ఉంది, ముందు అదే పేజీ.

"పదిహేను వందల మందులంటే మన డబ్బు మూడువేల ఏడొందలు దాటింది నాన్నా. ఏటొచ్చింది నీకు? దేశంకాని దేశంలో ఆస్పత్రిలో గాని ఉన్నావేటి? నాకు సెప్పకుండా దాచీసినావా?"

ఆవిడ చెయ్యి నా నుదుటి మీద ఉంది. డబ్బు పోయినందుకు తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాను గాని, దీనికి లేను. అంతా చెప్పేశాను, ఇరవై బాట్ల నుంచి గాజు దాకా. బ్యాగులోంచి రాయి తెచ్చి చేతిలో పెట్టాను. బల్బు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పెన్ను తీసుకుని 'మందులు' కొట్టేసి, పైన 'రాయి' అని రాసింది. అంకె దిద్దాల్సిన పని లేకపోయింది.

"అయితే ఆ కోట లోపలికి ఎళ్ళనేలేదా?"

"లేదమ్మా."

"ఏం?"

"ఐదొందల బాట్లు."

కాసేపు మాట్లాడలేదు. నోటుబుక్కు మూసి, దీపం ఆర్పడానికి లేస్తూ అంది.

"ఆ రామాయణం బొమ్మలేనా సూసొచ్చుంటే బాగున్ను."