కుల్చారంలో ఉప్పునీటి మత్తడి

గండిమైసమ్మ, దుండిగల్ దాటేదాకా లారీల మధ్య నెమ్మదిగానే నడిపాను. నర్సాపూర్ అడవిలోకి వచ్చాక రోడ్డు ఖాళీ అయింది గానీ వేగం పెంచలేదు. వెనక సీటు మడిచి, రెండు బొంతల మధ్య గాజు తొట్టి పెట్టుకుని వస్తున్నాను. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. లోపల నిలువునా అతికించిన గాజు అడ్డుగోడలు. వాటి అంచుల్లో ఎక్కడ సిలికాన్ విడిచినా మళ్లీ హైదరాబాద్ దారి పట్టాల్సిందే. టేకుచెట్ల మీద శ్రావణపు జల్లు పడుతోంది. మక్కకంకులు కాల్చేవాళ్లు పాలిథిన్ పట్టాల కింద పొయ్యిలు ఊదుకుంటున్నారు. ఇంకోరోజైతే ఆగేవాణ్ణి.

కుల్చారం మా అక్క మెట్టినిల్లు. బావ కొన్నేళ్లు దుబాయ్‌లో ఒక విల్లాలో పనిచేశాడు. అక్కడ గోడంత ఉప్పునీటి అక్వేరియం ఉండేదట. దాని గాజు తుడవడంతో మొదలుపెట్టి నీటి పరీక్షల దాకా నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక ముందు గదిలో తనకూ ఒకటి పెట్టుకున్నాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, మెదక్ జిల్లా పల్లెలో, జంట క్లౌన్ చేపలూ ఒక క్లీనర్ రొయ్యా ఏళ్లుగా హాయిగా బతుకుతున్నాయి. పగడాలు మాత్రం లేవు. మన సముద్రాల్లోని గట్టి పగడాలూ సముద్రపు గుర్రాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. వాటిని దొంగచాటుగా అమ్మేవాడి దగ్గర కొనడం నా దృష్టిలో సముద్రానికి చేసే ద్రోహం. బావ రాళ్లు కూడా సముద్రంలోంచి తీసినవి కావు. ఎండు రాళ్లు ఉప్పునీళ్లలో వేసి, బ్యాక్టీరియా పట్టేదాకా నెలల తరబడి ఓపిక పట్టాడు.

ఇప్పుడు ఆ అక్వేరియం కింద స్టాండులో, నేను తెచ్చిన గాజు తొట్టిని సంపుగా పెట్టాలి. పై నీళ్లు అందులోకి దిగి, శుభ్రమై మళ్లీ పైకి వెళ్లాలి. ఆ బ్యాక్టీరియా కోసమే ఇంత జాగ్రత్త. చేపల మలినాల నుంచి పుట్టే అమోనియాను ఒక రకం నైట్రైట్‌గా మారుస్తుంది, దాన్ని మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. రాళ్లు ఎండినా, ఇసుక కదిలినా ఆ కాపురం చెదిరిపోతుంది. ఇసుక అడుగున గాలి తగలని పొరల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటే అది కూడా నీళ్లలో కలుస్తుంది. కొత్త అక్వేరియమైతే వెనక గాజుకు రంధ్రం వేసి పైపు బిగించమనే చెబుతాను, అంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు. నిండుగా నడుస్తున్నదాన్ని ఖాళీ చేసి డ్రిల్ పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. పైగా గాజు టెంపర్డ్ అయితే డ్రిల్ తాకగానే గులకరాళ్లలా రాలిపోతుంది. అందుకే అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో పెట్టె తెచ్చాను.

ఊళ్లోకి వచ్చేసరికి వాన వెలిసింది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం. ఆ కోలాచలమే తమ ఊరని కుల్చారంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నిలువెత్తు పార్శ్వనాథుడి విగ్రహమున్న జైన మందిరమూ ఇక్కడే ఉంది. బండి ఆగగానే బావ వెనక డోరు తీశాడు.

"ఏం బామ్మర్దీ, పలుగలే కదా?"

"లేదు బావా, చూడు, చెక్కుచెదరలేదు."

అక్క గుమ్మంలోంచే కేకేసింది. "ముందు కాళ్లు కడుక్కొని బువ్వ తినుండ్రి. సంపు యాడికీ పోదు."

తిన్నాక మొదటి పని కొలతలు. అక్వేరియానికీ గోడకూ మధ్య ఐదంగుళాల సందు ఉందని బావ ఫోన్‌లో చెప్పింది నిజమే. ఓవర్‌ఫ్లో బయటి పెట్టె అందులో పట్టాలి. అంచు దాకా నింపితే 250 లీటర్లు పట్టే అక్వేరియాన్ని ముందుకు జరపడం అయ్యే పని కాదు. స్టాండు తలుపులోంచి సంపు దూరింది, పైన, నురగతో మలినాలు లాగే స్కిమ్మర్ మూత తీసే జాగా కూడా మిగిలింది.

సంపు నింపడానికి సుమారు 50 లీటర్ల ఉప్పునీళ్లు కావాలి. బోరునీళ్లు పనికిరావు, నల్లా నీళ్లలో క్లోరిన్. డ్రమ్ములో ఆర్వో నీళ్లు పట్టి, అక్వేరియం ఉప్పు దాదాపు రెండు కిలోలు పోసి, చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పనిచ్చాం. వంటింటి ఉప్పుతో సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం, క్షారత రావు. సాంద్రత డ్రమ్ములోనూ అక్వేరియంలోనూ 1.025 దగ్గర కలిసేదాకా పైపు బిగించేది లేదన్నాను.

ఉప్పు కరిగేలోపు పొద్దున్నే బావ నన్ను ఘనపూర్ ఆనకట్టకు తీసుకెళ్లాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1905లో మంజీర మీద కట్టింది. మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు. పైన సింగూరు జలాశయం నుంచి నీళ్లు గట్టిగా వదిలితే ఆనకట్ట దూకి, కింద ఏడుపాయల వనదుర్గ గుడిని ముంచెత్తుతాయి. మేం వెళ్లిన పొద్దున మత్తడి పలచగా దూకుతోంది. గోడ పొడవునా నీటి పొర, దాని మీద తేలుతూ వచ్చిన నాచు, ఆకులు, నురగ అన్నీ అంచు దాటి కిందికి జారిపోతున్నాయి. నాకు అక్కడే చాలాసేపు నిలబడాలనిపించింది. పైనుంచి ఎంత వస్తే అంతే దూకుతుంది. రాక ఆగితే నీరు అంచు దాకా నిలుస్తుంది, అంతకన్నా కిందికి దిగదు. మన గొలుసుకట్టు చెరువులన్నీ ఈ లెక్క మీదే నడిచాయి. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు చేరేవి. బావ అక్వేరియం పై చెరువు, సంపు కింది చెరువు. ఇక్కడ ఒకటే తేడా. కింది నీళ్లను పంపు మళ్లీ పైకి తోస్తుంది. అది కరెంటుతో నడుస్తుంది. ఆ కరెంటు ఎప్పుడైనా పోతుంది. నా ఆలోచనంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాం. పళ్లలాంటి గాట్లున్న పెట్టె అక్వేరియం లోపల, ఇంకో పెట్టె బయట, రెంటినీ కలుపుతూ గాజు మీదుగా బోర్లించిన యు గొట్టం. ఏడో తరగతి చదువుతున్న మేనకోడలు దాన్ని చూసి నిలదీసింది.

"మామా, నీళ్లు గోడ ఎక్కి దిగుతయా? ఎట్ల?"

పక్కింటి మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెమ్మన్నాను. నీళ్లు నింపి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, కుర్చీ వీపు మీదుగా వేసి, రెండు చెంబుల్లో ముంచి వదిలాను. ఒక చెంబులో నీళ్లు పొయ్యమన్నాను. తను పోస్తుంటే రెండో చెంబులో మట్టం లేచింది. ఒక చెంబు కొంచెం పైకెత్తితే నీళ్లు రెండో దాంట్లోకి పరుగెత్తాయి. పైపులో గాలి లేనంతసేపు మధ్యలో ఎత్తు అడ్డం కాదు. తను మళ్లీ మళ్లీ చేసి చూసుకుంది. నేను ఆపలేదు, అది అర్థమైతే ఇంట్లో ఓవర్‌ఫ్లోను కనిపెట్టే మనిషి ఒకరు ఉన్నట్టే.

రెండు పెట్టెల్లో నీళ్లు నింపి, యు గొట్టంలోని గాలిని సన్నటి ట్యూబుతో లాగేశాం. పంపు వేశాం, గంటకు వెయ్యి లీటర్ల చొప్పున. మొదట నీళ్లు గాట్ల దాకా ఎక్కాయి, తర్వాత సన్నగా లోపలికి దూకడం మొదలైంది. బావ ఎన్నాళ్లుగానో కాగితంతో తీస్తున్న జిడ్డు పొర కళ్లముందే ఆ గాట్ల వైపు జరిగి మాయమైంది. లైటు కిరణాలు ఇసుక దాకా వణుకుతూ దిగాయి. క్లౌన్ చేపలు కాసేపు మూలకు నక్కి, తర్వాత కొత్త ప్రవాహం దగ్గరికే వచ్చాయి.

"ఇగ కరెంటు బంద్ చెయ్యి బావా," అన్నాను.

అక్వేరియంలో ఒక అంగుళం ఎత్తు నీరంటే 14 లీటర్లు. పంపు ఆగితే గాట్ల అంచు దాకా నీళ్లు దిగుతాయి, తిరుగు పైపు కూడా వెనక్కి లాగుతుంది. అది మొత్తం తోడేయకుండా, నీటి మట్టానికి కాస్త కింద ఆ పైపుకు చిన్న రంధ్రం పెట్టాను. నీరు దాని కిందికి దిగగానే గాలి పీల్చుకుని ఆగిపోవాలి. నాన్ రిటర్న్ వాల్వును నమ్ముకోను, ఉప్పూ నాచూ పట్టి ఒకరోజు అది మూసుకోదు. లెక్క ప్రకారం ఒకటిన్నర అంగుళం, అంటే 21 లీటర్లు కిందికి రావాలి. సంపు మట్టం తొమ్మిది నుంచి పన్నెండున్నరకు పైన లేవాలి. స్విచ్ ఆపాం. మార్కర్‌తో గీసిన గీత దగ్గరే నిలిచింది, పైన ఇంకా రెండంగుళాలకు పైగా ఖాళీ. మళ్లీ పంపు వేయగానే గొట్టం తనంతట తాను అందుకుంది. రెండు కొసలూ పెట్టెల నీళ్లలోనే మునిగి ఉంటాయి కాబట్టి గాలి చొరబడలేదు.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. యు గొట్టం మెడలో బుడగలు చేరి ధార తెగితే పంపు ఆగదు, సంపు నీళ్లన్నీ పైకి తోసి గదిలో పారిస్తుంది. చాలామంది ఈ పెట్టెకు భయపడేది అందుకే, ఆ భయం సరైనదే. సంపులో పంపు ఉన్న గదిని ఎనిమిదంగుళాలకే కుదించింది దీనికోసమే. అందులో పంపు లాగగలిగింది మహా అయితే ఎనిమిది లీటర్లు, పైన అర అంగుళం చిల్లర పెరుగుతుంది. గొట్టంలోకి కావాలనే గాలి వదిలాం. పైన నీరు లేచింది, అంచుకు ఇంకా అర అంగుళానికి పైగా ఉండగానే పంపు గరగరమంటూ గాలి పీల్చింది. గదిలో చుక్క పడలేదు.

అక్క అప్పటిదాకా గుడ్డలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది.

పాత కానిస్టర్ ఫిల్టర్‌ను మాత్రం నెల దాకా తీయొద్దన్నాను. సంపు గాజుకు బ్యాక్టీరియా పట్టాలి, స్కిమ్మర్ కూడా కొన్ని రోజులకు గానీ చిక్కటి నురగ ఇవ్వదు. ఆవిరయ్యేది మంచినీళ్లే, ఉప్పు కాదు. అందుకని పంపు గదిలో గీత దిగినంత ఆర్వో నీళ్లు రోజూ పోసే పని మేనకోడలు తీసుకుంది. యు గొట్టాన్ని నెలకోసారి బ్రష్‌తో కడగడం బావ పని.

సంపులో నడిమి గది ఇంకా ఖాళీగానే ఉంది. కీటోమార్ఫా నాచు వేసి, పై లైటు ఆరిన వేళల్లో దానికి లైటు పెడితే, నైట్రేట్ తింటుంది, రాత్రిపూట పీహెచ్ కూడా మరీ పడిపోదు. దసరాకు వచ్చేటప్పుడు ఒక ముద్ద తెస్తానన్నాను. స్విచ్ బోర్డు సంపు కన్నా ఎత్తులో, ఉప్పు తుంపర తగలని చోట ఉండాలన్నాను. నేను మాట ముగించేలోపే బావ మార్కర్ తీసుకుని గోడ మీద గీత గీశాడు.