వెనక అట్ట మీది ధర

మా బాల్కొండ దిక్కు ఏ పని చేసినా జనం ముందు అడిగే మాట, "ఎంత వడ్డది? ఎంతకు వోయింది?" అని. వానాకాలం మొదట్లో పసుపు పెట్టినవాడు సంక్రాంతి దాటాక తవ్వుతాడు. ఉడకబెడతాడు, కల్లంలో ఆరబోస్తాడు, పాలిష్ పట్టిస్తాడు, సంచులకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలుతాడు. తొమ్మిది నెలల పంట, ఆపైన నెలకు తక్కువ కాని చాకిరీ. ఇంతా చేసి ధర చెప్పేది అతను కాదు, కొనేవాడు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చినా ఆ సంగతి అట్లాగే ఉంది.

నేను కథలు రాస్తాను. మస్కట్, దుబాయి పోయినవాళ్ళ ఇళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, శ్రీరాంసాగర్ నీళ్ళ కింద పోయిన ఊళ్ళు నా సరుకు. పుస్తకాలు నేనే అచ్చువేయించుకుంటాను. పసుపు రైతుకు లేని వైభోగం ఒకటి నాకుంది: ధర నేనే వేసుకుంటాను, వెనక అట్ట మీద, కింది మూలన. ఆ ధర ఇచ్చి కొనేవాడు దొరకడం వేరే కథ.

"ఎవ్వలు ఎయ్యకపోతె నువ్వే ఏస్కున్నవా సారూ?" అని జాలిపడేవాళ్ళు బస్టాండులోనూ ఉన్నారు, సాహిత్య సభల్లోనూ ఉన్నారు. బస్టాండు వాళ్ళను ఏమీ అనను. సభల్లో ఉన్నవాళ్ళకు మాత్రం తెలుగు పుస్తకం పుట్టుక తెలిసి ఉండాలి. వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టి, మద్రాసులో అచ్చువేయించి తెప్పించుకోవడం తలకు మించిన పనై, రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నాడు. రంగనాయకమ్మ తన పుస్తకాలను స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరున తానే వేసుకుంటూ, సామాన్యుడు కొనగలిగే ధర పెడుతూ వచ్చింది. ‘రామాయణ విషవృక్షం’ వంటి పుస్తకాన్ని ఎంత ధరకు, ఎన్నిసార్లు అచ్చువేయాలో ఆమె ఇంకొకరిని అడగాల్సిన అవసరం లేకపోయింది. సొంత అచ్చు గతిలేనివాడి పని అనే మాట వీళ్ళ ముందు నిలబడదు.

నాకు అందరికంటే దగ్గరివాడు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టాడు. హోటల్లో పనిచేశాడు, పత్రికల ప్రూఫులు దిద్దాడు, 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. నిజాం రాజ్యంలో తెలుగు చదవడమే ఒక పోరాటమైన రోజులవి. ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి గోదాములో పెట్టుకోలేదు. తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. రాసేవాడు, దిద్దేవాడు, అచ్చువేసేవాడు, అమ్మేవాడు, అందరూ ఒక్క మనిషే. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాసినవాడూ ఆయనే.

ఆయన కథలో మా జిల్లాకూ చోటుంది. దాశరథి కృష్ణమాచార్యను నిజాం సర్కారు నిజామాబాద్ ఖిల్లా జైలులో పెట్టినప్పుడు ఆళ్వారుస్వామీ అందులోనే ఖైదీ. కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. గోడ మీద రాసింది జైలువాళ్ళు చెరిపేస్తారు, పక్కనున్న మనిషి మనసులో పడ్డదాన్ని చెరపలేరు. 1949లో దాశరథి తొలి పుస్తకం ‘అగ్నిధార’ వచ్చింది. దాన్ని ఆయన ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. రచయితకూ రచయితకూ మధ్య ఒప్పందపత్రం అంటూ ఏదైనా ఉంటే అది ఆ జైలు గది. ఖిల్లా మాకు బస్సెక్కితే గంటన్నర లోపు దూరం. రాయడం మీద విసుగొచ్చినప్పుడు వెళ్ళి చూసి వస్తుంటాను.

ఆళ్వారుస్వామి ఒక్కడే చేసిన పనికి నాకు నలుగురు కావలసి వచ్చారు.

మొదటివారు ప్రూఫుల సారు. రిటైరైన తెలుగు పండితుడు. ఆయన అచ్చుప్రతి పైకి చదువుతుంటే, ఆయన భార్య నా రాతప్రతి ముందు పెట్టుకుని కళ్ళతో వెంబడిస్తుంది. ఒక్క మాట జారినా ‘ఆగు’ అంటుంది. ఆ ఇంట్లో నా కథలకు దక్కినంత మర్యాద మరెక్కడా దక్కలేదు, అంత అమర్యాద కూడా దక్కలేదు. బొంబాయిలో ఒక ఫ్లాటులో జరిగే కథ చదివి సారు కాగితాలు పక్కన పెట్టి, "ఇది నువ్వు ఎన్నడు వోని ఇల్లు రా" అన్నారు. అంతే, ఆ కథ పుస్తకంలోకి రాలేదు.

రెండోవాడు ఆర్మూర్‌లో డీటీపీ చేసే తమ్ముడు. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు అతని బతుకు. ముహూర్తాలున్న నెలల్లో నా పుస్తకం మూలన పడి ఉంటుంది, మూఢంలో లేస్తుంది. నేను ఫోనులో యూనికోడ్‌లో కొట్టి పంపుతాను, అతని మిషన్లో పాత అను ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. అత్తమ్మ అతమ్మ అవుతుంది, ఒక్కోసారి ఏమీ కాకుండా పోతుంది. మిషను చేసిన ఈ హత్యలన్నీ అతనే కూర్చుని ఒక్కొక్కటి బతికిస్తాడు. దానికి బిల్లులో గీత ఉండదు.

మూడోవారు అట్ట బొమ్మ వేసే డ్రాయింగ్ మాస్టారు. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి. అక్షరం దూరం నుంచి కనబడాలంటారు, మిగతా చర్చ ఆయనతో వృథా.

నాలుగో మనిషి అడ్తి దుకాణంలో లెక్కలు రాసే మిత్రుడు. ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నా పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, ఎవరు పైసలు ఇచ్చారో, ఎవరు ఇస్తామన్నారో పసుపు పద్దుల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాస్తాడు. నా సాహిత్య చరిత్ర ఎవరైనా రాయదలిస్తే ఆధారం అదొక్కటే.

ఈ మధ్య సొంత ప్రచురణకు ప్యాకేజీలు వచ్చాయి. ఇంత కడితే అట్ట, ఇంకొంత కడితే ప్రూఫు, మరికొంత కడితే ఆవిష్కరణ సభ ఫోటోలతో సహా. వాటి మీద నాకు కోపం లేదు, తొందర ఉన్నవాళ్ళకు అవి దారి చూపుతాయి. కానీ పైసలు తీసుకున్నవాడు మీ కథ బాగాలేదని చెప్పడు. చెప్పడానికి అతనికి కారణం లేదు. నా నలుగురిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పుస్తకానికి ఏదో ఒకటి కాదన్నారు. నేను వాళ్ళను నమ్మడానికి కారణం వాళ్ళ సాయం కాదు, ఆ కాదనడమే.

అచ్చు పనిలో లెక్క ఒకటుంది. డెమ్మీ సైజు పుస్తకం పదహారు పేజీల ఫారాల మీద నడుస్తుంది. పది ఫారాలంటే 160 పేజీలు. కథలన్నీ కలిసి 163 వచ్చాయనుకోండి, ఆ మూడు పేజీలకు ఇంకో ఫారం కాగితం దండుగ. అప్పుడు ముందుమాట కుదించాలి, లేదా ఒక కథను ఆపాలి. రచయితను అడిగితే ఏ కథా వదలనంటాడు. మా దగ్గర ఆ తీర్పు అడ్తి మిత్రుడిది. అతనికి సాహిత్యం పట్టదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటాడు. చిత్రం ఏమిటంటే, అతను తీసేయమన్న కథను సారు కూడా ఎప్పుడూ తీసేయమనే అంటారు.

పుస్తకం వచ్చాక చట్టం ప్రకారం నేను ప్రచురణకర్తను. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. 1954 నాటి చట్టం ఒకటి ప్రతి పుస్తకాన్నీ కలకత్తా, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నాలుగు గ్రంథాలయాలకు ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలంటుంది. చాలామంది పంపరు. మా మిత్రుడు పంపించి తీరతాడు, రసీదులు పద్దులో అతికిస్తాడు. బాల్కొండ నుంచి కలకత్తాకు పోయిన పార్సిల్ మీద తన చేతిరాత ఉందని అతనికో గర్వం.

అమ్మకం దగ్గరకొస్తే నా వెనక అట్ట వైభోగం కరిగిపోతుంది. దుకాణానికి ఇస్తే ధరలో మూడోవంతు, ఒక్కోసారి సగం దాకా కమీషన్ పోతుంది. అమ్మినాకే డబ్బు. పోస్టు ఖర్చు పుస్తకం ధరను మింగుతుంది. ఏళ్ళ తరబడి రచయితలను కాపాడిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, మూడువందల గ్రాముల దాకా 20 రూపాయలు. కానీ అది వ్యాపారానికి కాని పార్సిళ్ళకట. అమ్మితే వ్యాపారం, పంచితే సేవ అన్నమాట.

పంచడం గురించి ఒక మాట. సభ అయిపోగానే "అన్నా, నాకో పుస్తకం ఇయ్యవా, సంతకం వెట్టి" అనేవాళ్ళలో ఎక్కువమంది అదే సాయంత్రం ఆర్మూర్ చౌరస్తాలో చాయ్‌కీ మిర్చికీ పుస్తకం ధర కంటే ఎక్కువే ఖర్చుపెడతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పుస్తకానికి డబ్బివ్వడం ఎవరూ అలవాటు చేయలేదు, అంతే. ఆ అలవాటున్నవాళ్ళు నాకు గల్ఫులో దొరికారు. పొరుగూరు పిల్లవాడొకడు మస్కట్ నుంచి అరడజను పుస్తకాలకు పైసలు పంపి, తన గదిలో ఉండే వాళ్ళందరి పేర్లూ రాసి పెట్టాడు. మా మిత్రుడి పద్దులో బాకీ లేని పేజీ అదొక్కటే.

ఎవరైనా ఊరి రచయిత మీ చేతిలో పుస్తకం పెడితే ముందుమాట తర్వాత చదవచ్చు. ముందు వెనక్కు తిప్పండి, ధర అక్కడే ఉంటుంది.