సవారీయా? నివాసమా?

ముఖ్తసర్ అల్-ఖుదూరీలో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు విద్యార్థులు ప్రతి సంవత్సరం చిరునవ్వు నవ్వే చోటు ఒకటున్నది. వస్తువును చూడకుండా కొన్నవానికి, చూసిన తరువాత ఆ బేరాన్ని వదులుకునే హక్కు ఉంటుంది. దీనినే ఖియారుర్‌రూయత్ అంటారు. మరి 'చూడడం' అంటే ఎంత చూడాలి? ధాన్యపు రాశి అయితే పైభాగం చూస్తే చాలు. సవారీ జంతువైతే ముఖమూ వెనుక భాగమూ చూస్తే మొత్తం చూసినట్లే. ఇల్లయితే ముంగిలి చూస్తే సరిపోతుందని మూలగ్రంథం చెబుతుంది. ఇమామ్ జుఫర్ (రహ్మతుల్లాహి అలైహి) మాత్రం ఒప్పుకోలేదు, గదుల లోపలికి వెళ్లి చూడాలన్నారు. ఇండ్లన్నీ ఒకే తీరున కట్టే కాలం పోయినది గనుక తరువాతి ఫుఖహాలు ఫత్వాకు ఇమామ్ జుఫర్ మాటనే స్వీకరించారు.

జంతువు వెనుక భాగం అనగానే పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఈ మస్అలా నా సొంత ఇంటి వ్యవహారమై కూర్చుంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మా చెల్లెలి పెద్ద కుమారుడు ఎనిమిదేళ్లు దమ్మామ్‌లో ట్రక్కులు నడిపి, కిందటి సంవత్సరం నర్సింహులపేటకు తిరిగివచ్చాడు. అతని కోరిక ఇది: సైన్యం వాడి వదిలివేసిన పాత ట్రక్కు ఒకటి కొనాలి, వెనుక పడకలు వేసుకోవాలి, తల్లినీ భార్యనూ ముగ్గురు పిల్లలనూ ఎక్కించుకొని పాఖాల, రామప్ప, ఏటూరునాగారం దాకా తీసుకుపోవాలి, రాత్రిపూట ఆ ట్రక్కులోనే విడిది చేయాలి. "మా అమ్మ తొర్రూరు, మరిపెడ దాటి ఏం చూసింది మామూజాన్?" అన్నాడు. ఆ మాట నిజం. మా చెల్లెలి భయమూ నిజమే. ఎడారి ఎండలో సంపాదించిన సొమ్ము తుప్పు ఇనుము మీద పోస్తాడేమోనని ఆమె నిద్ర మానేసింది. ఇద్దరూ నన్నే సలహా అడిగారు. సలహా అడగబడినవాడు అమానతు మోసేవాడు. కాబట్టి నేనూ నడుం బిగించి గ్యారేజీల వెంట తిరిగాను.

ఇటువంటి వాహనం మొదటిసారి కొనేవారి మనసు మొదట శక్తిమాన్ మీదకే పోతుంది. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ అనుమతితో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన ట్రక్కు అది. 1965, 1971 యుద్ధాలలో సైన్యం బరువు మోసినది, 1996 వరకు తయారైనది. దాని ఠీవి ఠీవియే. కాని మోటారు వాహనాల చట్టం ప్రకారం బరువు 7,500 కిలోలు దాటిన వాహనానికి లైట్ మోటారు వాహన లైసెన్సు సరిపోదు. మావాడు దమ్మామ్‌లో ఎంత పెద్ద బండి నడిపినా ఇక్కడి లైసెన్సు ఇక్కడిదే. పైగా మా వాడకట్టు సందులో అది మలుపు తిరగదు. పక్కింటివారి గోడ మీద మనకు హక్కు లేదు.

రెండవది జోంగా. జబల్‌పూర్ ఆయుధ కర్మాగారాల ఆంగ్ల నామంలోని మొదటి అక్షరాలు కూర్చి పెట్టిన పేరు. నిస్సాన్ పెట్రోల్ వాహనానికి మన దేశపు రూపం, 1999 దాకా వచ్చింది. చిన్నది, గట్టిది. నలుగురు కూర్చోవడానికి బాగుంటుంది గాని ఆరుగురు పడుకోవడానికి పనికిరాదు. మహీంద్రా జీపుకు చిన్న ట్రెయిలర్ తగిలిస్తే ఎలా ఉంటుందనీ ఆలోచించాము. ఇక్కడ ఒక మాట: 1945లో ఆ సంస్థ మొదలైనప్పుడు దాని పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. ఆ మొహమ్మద్, నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన మాలిక్ గులాం ముహమ్మద్. 1947లో ఆయన పాకిస్తాన్ వెళ్లి తొలి ఆర్థికమంత్రి అయ్యారు. మరుసటి సంవత్సరం కంపెనీ పేరు మారినది. ఈ కథ చెబితే మావాడు, "జీపు కొందామా అయితే?" అన్నాడు. చరిత్ర చూసి జీపు కొనరు నాయనా అన్నాను.

మిగిలినది నిస్సాన్ వన్ టన్ను. ఇదీ జబల్‌పూర్‌దే. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. జోంగాలో ఉన్నటువంటిదే దాదాపు నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. పెట్రోలు తాగుతుంది, సందేహం లేదు. రోజూ తిరిగేవారికి ఇది ఇస్రాఫ్ అవుతుందనే అంటాను. సంవత్సరానికి నాలుగైదు ప్రయాణాలు చేసేవాని లెక్క వేరు. కొనే ధరను మాత్రమే చూసుకోకుండా, కొన్న తరువాత మరమ్మతుకు అంతకు మించి పక్కన పెట్టుకోగలవా అని అడిగాను. అప్పు లేకుండా పెట్టగలనన్నాడు. అప్పుడే ముందుకు పోదామన్నాను.

సైనిక వాహనాలను చాలావరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. ద్వారా ఆన్‌లైన్ వేలంలో అమ్ముతారు. షరతు ఒక్కటే: ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే. ఈ వాక్యం చూసి మావాడు, "ఇది షరీఅత్‌లో చెల్లుతుందా?" అని అడిగాడు. 'ఏ లోపానికీ నాది బాధ్యత కాదు' అని ముందే చెప్పి అమ్మడం హనఫీ ఫిఖహ్‌లో చెల్లుతుంది. లోపాలను పేరుపేరునా చెప్పకపోయినా చెల్లుతుంది. తెలిసిన లోపాన్ని దాచడం మాత్రం పాపమే. అంటే ఇటువంటి బేరంలో ఖియారుల్ ఐబ్ అనే రక్షణను కొనేవాడు ముందే వదులుకుంటున్నాడు. అతనికి మిగిలినది తన కన్నులే. చాలా వాహనాలను తుక్కు కోసం మాత్రమే అమ్ముతారు, వాటిని రోడ్డు మీద నడపడానికి వీలుండదు. ప్రకటనలో ఆ మాట ఉన్నదో లేదో చూడనివాడు ట్రక్కు కొనడు, ఇనుము కొంటాడు. అందుచేత మొదటిసారి కొనేవానికి వేలం తగదని నా అభిప్రాయం. ఇదివరకే పౌర రిజిస్ట్రేషన్ పొంది నడుస్తున్న బండిని, ఎదురుగా ఉన్న మనిషి దగ్గర కొనడం మేలు.

ఇక చూడడం సంగతి. విడిది చేయడానికి కొనే ట్రక్కు సవారీయా, నివాసమా? రెండూ. కనుక సవారీని చూసినట్టు ముందూ వెనుకా చూడాలి, ఇమామ్ జుఫర్ చెప్పినట్టు గదిలోకీ వెళ్లాలి.

మేము చూడబోయిన మొదటి బండి యజమాని మేము వెళ్లేసరికే ఇంజను వేడిచేసి ఉంచాడు. బానెట్ మీద చేయి పెడితే తెలిసిపోయినది. చల్లని ఇంజను ఎలా మేల్కొంటుందో చూడకుండా దాని ఆరోగ్యం తెలియదు. నీలిపొగ వస్తే నూనె కాలుతున్నట్టు, నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువవుతున్నట్టు, తెల్లపొగ ఎంతకూ ఆగకపోతే నీరు లోపలికి చేరుతున్నట్టు. బండి కిందికి దూరి చూస్తామంటే ఆయన ఇష్టపడలేదు. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి లోపలి తడిని బయటపెట్టిన సంఘటన మన పాఠకులందరికీ తెలిసినదే. చేయి పెట్టనివ్వని రాశి దగ్గర నిలబడడం ఎందుకని సలాం చెప్పి వచ్చేశాము.

రెండవచోట ట్రక్కు యజమాని హైందవ సోదరుడు. ఆయన తానే గోనెపట్టా పరిచి, "పంతులుగారూ, మీరు కూడా దూరండి" అన్నాడు. ఛాసిస్ మీద ఒకచోట అతుకు ఉన్నదని, ఎప్పుడు పగిలిందో, ఎవరు వెల్డింగు చేశారో తానే చెప్పాడు. మా మెకానిక్ చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుతూ పోయాడు. మంచి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. కమాను పట్టీలు విరిగి ఉన్నాయా, ఆక్సిల్ దగ్గర నూనె కారుతున్నదా, నాలుగు చక్రాల గేరు పడుతున్నదా చూశాడు. టైర్లకు అరుగుదల లేదని మావాడు సంతోషించాడు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడమన్నాడు మెకానిక్. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. అరగకపోయినా వయసు మీరిన రబ్బరు దారిలో పగులుతుంది. చక్రం రిమ్ము ముక్కలుగా విడిపోయే రకమైతే, ఇనుప పంజరం లేని దుకాణంలో గాలి కొట్టించవద్దని గట్టిగా చెప్పాడు. లాకింగ్ రింగు ఎగిరిపడితే ప్రాణాలు తీస్తుందట. విద్యుత్తు 12 వోల్టులదా, 24 వోల్టులదా అన్నదీ కనుక్కోవాలి. తెలియక దీపం తగిలిస్తే మాడిపోతుంది.

ఇంతవరకు సవారీ. గదిలోపలి చూపు మా కోడలిది. ఆమె వెనుక తలుపుచెక్క ఎత్తు చూసి, "అత్తమ్మ ఇది ఎలా ఎక్కుతుంది?" అని మొదటి ప్రశ్న వేసింది. మగవాళ్లం నలుగురం అంతసేపు ఇంజను చుట్టూ తిరిగాము గాని ఆ మాట మాకు తట్టలేదు. రెండవ ప్రశ్న ఇంకా పెద్దది: "వానపడే రాత్రి లోపల నిలబడి నమాజు చేసుకోవచ్చా?" ఫర్జ్ నమాజులో ఖియామ్ ఒక రుక్న్. నిలబడగలిగే మనిషి, చోటు ఇరుకని కూర్చొని చదవడానికి వీల్లేదు. ఆమె స్వయంగా ఎక్కి కాన్వాసు కింద కమానుల నడుమ నిలబడినది. మధ్యలో తల తగలలేదు. మావాడికి తగిలింది. అతడు కింద దిగి చదువుకుంటాడు, గొడుగు ఉన్నది.

కాన్వాసు మీద రెండు బిందెల నీళ్లు పోయించి చూశాము. ఒక మూల కారింది. బాగుచేయించవచ్చు. లోపల పొయ్యి వెలిగించరాదనీ, ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోరాదనీ మాత్రం నేను పిల్లలతో కూడా వల్లె వేయించాను. ఆ విషవాయువుకు వాసన ఉండదు. వుజూ నీళ్ల కోసం రెండు జెర్రీ క్యాన్లు అనుకున్నాము. జర్మన్ సైన్యం తయారుచేసిన ఇరవై లీటర్ల క్యాను అది. దాని మీద మూడు పిడులెందుకో ఎవరైనా ఆలోచించారా? నిండుది ఇద్దరు పట్టుకోవడానికి, ఖాళీవి ఒక్కడే చేతికి రెండేసి మోయడానికి.

కాగితాల విషయంలో 'వింటేజ్' అనే మాట చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. 2021లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటి, మూలరూపం చెడని వాహనానికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఆ నంబరుతో ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, ఇంధనానికో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కరాదు. విహారయాత్ర అందులో లేదు. విడిది చేయదలచినవాడు మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న బండినే వెతకాలి. ఆర్‌సీలో సరుకు రవాణా వాహనమని ఉంటే వెనుక కుటుంబాన్ని ఎక్కించుకోవడం కుదరదు. సీట్ల సంఖ్య చూడాలి. ఛాసిస్, ఇంజను నంబర్లు కాగితంతో సరిపోవాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం ఉండాలి. బండి మీద పాత సైనిక నంబరు మిగిలి ఉంటే అది కూడా సాక్ష్యమే. పైకి చూపే బాణం గుర్తు తరువాతి రెండంకెలు సైన్యం దానిని తీసుకున్న సంవత్సరాన్ని చెబుతాయి. పడకలను బాడీకి శాశ్వతంగా బిగించకుండా తీసివేసే రకంగా చేయించుకొమ్మన్నాను. వాహనాన్ని మూల నిర్మాణానికి భిన్నంగా మార్చరాదని చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటనే ఖాయం చేసింది.

రంగు సంగతి ఇంటిలో తేలవలసి వచ్చినది. మా ఖాలాజాన్‌కు ఎనభై అయిదు దాటాయి. మిలిటరీ లారీ కొంటున్నారని విని ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చినప్పుడు ఆమె పసిపిల్ల. ఆ తరువాత 1951 దాకా ఈ ప్రాంతపు పల్లెలలో శిబిరాలు ఉన్నాయి. ఎవరు ఎవరికి భయపడ్డారో చెప్పాలంటే ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క కథ. ఆమెకు జ్ఞాపకమున్నది మాత్రం పచ్చని లారీ శబ్దం వినగానే తల్లి దీపం ఆర్పివేయడం. నేను ఆమెకు చట్టం చెప్పాను. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం ప్రకారం రక్షణశాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆ ఆలివ్ పచ్చరంగు ఉండరాదు. రంగు తప్పక మార్చాలి. "సర్కారే వద్దంటుందా?" అని రెండుసార్లు అడిగినది. అవునన్నాను. అప్పుడు అన్నం తిన్నది.

ఆ హైందవ సోదరునితో బేరం కుదిరినది. ఇమామ్ అబూహనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయంలో ఖియారుష్షర్త్ గడువు మూడు రోజులు. మేము ఆ మూడు రోజులే అడిగాము. బయానా తీసుకొని, "నచ్చకపోతే మూడోనాడు తెచ్చి ఇవ్వండి, డబ్బు తిరిగి ఇస్తాను" అన్నాడు ఆయన. మొదటి రోజు దంతాలపల్లి దాకా, రెండవ రోజు తొర్రూరు దాకా నడిపారు. రేడియేటరు ఒకసారి వేడెక్కింది. దాని ఖర్చు చెరిసగం అనుకొని మూడవనాడు ఒప్పందం పూర్తిచేశారు. అతుకు ఉన్న ఛాసిస్ సంగతి మా చెల్లెలికి కూడా చెప్పే కొన్నాము.

పేరుమార్పు కాగితాలు రవాణా కార్యాలయంలో ఉన్నాయి. అవి వస్తే మొదటి విడిది పాఖాల దగ్గర, అడవిలో రాత్రి ఉండదలిస్తే అటవీశాఖ అనుమతితో. ఏటూరునాగారం అయితే ఖస్ర్ నమాజు. మన ఉలమాల లెక్కలో ఆ దూరం సుమారు 78 కిలోమీటర్లు, అది అంతకు చాలా ఎక్కువ. రంగు పాలరంగా, నీలమా అన్నది ఖాలాజాన్ ఇంకా చెప్పలేదు. నిచ్చెన మాత్రం సిద్ధమైనది. మా ఊరి వడ్రంగి వేపకర్రతో ఐదు మెట్లు వేసి, పక్కన పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు. మా చెల్లెలు దానిని ఇంటి అరుగుకు ఆనించి, ఎవరూ చూడడం లేదనుకొని, రెండుసార్లు ఎక్కి దిగినది.