అలవాటుకు ఎన్నాళ్లు?

కర్మాగారంలో మూడు దశాబ్దాలు గడిపిన మాబోటి వారికి షిఫ్టు సైరనే గురువు. నిద్ర, భోజనం, విశ్రాంతి అన్నీ దానిననుసరించే సాగాయి. పదవీ విరమణకు చేరువవుతున్న మాకిప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతున్నది: సైరన్ వినబడని నాడు మా దినచర్యను నడిపించేదేది?

21 రోజులు పట్టుబడితే ఏ అలవాటైనా స్థిరపడుతుందని తరచు వింటుంటాం. ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960 నాటి తమ గ్రంథంలో, మారిన ముఖానికి రోగి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నారు. ఆ ‘కనీసం’ అన్న మాట కాలక్రమాన జారిపోయింది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించింది. మధ్యాహ్న భోజనంతో పండు తినడం, రాత్రి భోజనానికి ముందు 15 నిమిషాలు పరుగెత్తడం వంటి పనులను వారు ఎంచుకున్నారు. అవి అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి 18 నుండి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యస్థ విలువ 66. ఒకనాడు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదనీ తెలిసింది.

మమ్మల్ని ఆకర్షించినది అంకె కాదు, అందులోని సూత్రం. ప్రతి అలవాటునూ నిత్యం జరిగే మరొక పనికి ముడివేయాలి. సైరన్‌కు ముడివేసినది సైరన్‌తోనే పోతుంది. అందుకే మేము కొందరం సాయంకాలపు నడకను షిఫ్టు ముగింపునకు కాక, ఇంటి కాఫీకి ముడివేసుకున్నాం. ఉద్యోగం ముగిసినా కాఫీ ఉంటుంది గదా!

కుటుంబ సభ్యులకు ఒక విన్నపం: మూడు వారాలకే ఫలితం అడగవద్దు, ఒకనాడు మానితే పరిహసించవద్దు. వీలైతే రెండడుగులు మాతో కలిసి నడవండి.